ఇంచు టేపు మీద మూడున్నర రూపాయల వడ్డీ

పోయిన ఆదివారం అమీర్‌పేట కమ్యూనిటీ హాల్లో దర్జీల సంఘం జరిపిన సంతాప సభలో ఏడుగురు మాట్లాడారు. ఎనిమిదో పేరు నాది. చీటీ రాసి ఇచ్చాను, రెండుసార్లు వెళ్ళి గుర్తు చేశాను. "టైముంటే పిలుస్తం సార్, జర కూసోండ్రి" అన్నాడు నిర్వాహకుడు. నాకు టైము లేకపోయింది. పంజగుట్ట బట్టల షోరూము మేనేజరు గారికి మాత్రం పావుగంట ఉంది. ఆయన మైకు పట్టుకుని, "నర్సింహులు మాకు ఉద్యోగి కాదు, కుటుంబ సభ్యుడు" అన్నారు. హాలంతా తలలూపింది. ఆ షోరూముకు నేను రాసిన నాలుగు ఉత్తరాలకు జవాబు లేదు, సభలో నా మాటకు చోటు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. షోరూము పేరు వేయకూడదని మన కాలనీ పత్రిక సంపాదకులు షరతు పెట్టారు. ఒప్పుకున్నాను. అదీ గుర్తు పెట్టుకుంటాను.

నర్సింహులు మాస్టర్ గారు ఇక లేరు. మంగళవారం ఉదయం ఫోను మోగితే, నా చొక్కా సిద్ధమైందని చెప్పడానికే అనుకున్నాను. కాలరు తిప్పి కుట్టమని ఇచ్చి అప్పటికి రెండు రోజులు. మాట్లాడింది ఆయన భార్య యాదమ్మ గారు. "మాస్టర్ పోయిండు సారూ. పొద్దుగాల లేవనే లే. మీ అంగీ కుట్టే పెట్టిండు. వీలున్నప్పుడు తీస్కపోండ్రి" అన్నారు. గుండె ఆగిందట. ముందు రోజు రాత్రి మామూలుగానే అన్నం తిన్నారట.

ఆయన ఆ షోరూములో పంతొమ్మిదేళ్ళు ఆల్టరేషన్ మాస్టరుగా పనిచేశారు. మూడో అంతస్తులో లిఫ్టు వెనక చిన్న గది, ఒక కుట్టుమిషను, ఒక బల్ల. కింద అద్దాల మధ్య కొన్న బట్టలు ఆ గదికి వచ్చి మనిషి ఒంటికి సరిపడేవి. కుట్లలోపల ఎప్పుడూ కాస్త గుడ్డ మిగిల్చేవారు. "మనిషి ఒక్కతీరుగ ఉండడు సార్. లావైతడు, చిక్కుతడు. గుడ్డ ఉంచాలె" అనేవారు. ఆయన సర్వీసు మొత్తానికి సూత్రం అదే.

మా పరిచయం గొడవతోనే మొదలైంది. మా అబ్బాయి పెళ్ళికి నేను కొనుక్కున్న ప్యాంటు కుడికాలు దగ్గర అర ఇంచు పొడుగైంది. మూడుసార్లు వెనక్కి తీసుకెళ్ళాను. మూడోసారి ఆయన నన్ను నిలబెట్టి రెండు కాళ్ళూ కొలిచి, "ప్యాంటు మంచిగనే ఉంది సార్. మీ కుడికాలే అర ఇంచు పొట్టిగుంది. గిది కంపెనీల కంప్లయింట్ చేస్తరా?" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అయితే ఇంటికొచ్చి నేనే కొలుచుకున్నాను. ఆయన చెప్పింది నిజమే.

అసలు సంగతి ఆ పెళ్ళి బట్టలే. బిల్లు అరవై వేలయింది. కౌంటరు దగ్గర షోరూము వారి కార్డు ఒకటి చేతిలో పెట్టి, "ఇప్పుడేం కట్టక్కర్లేదు సార్, నెలనెలా కొంచెం కడితే చాలు, వడ్డీ మూడున్నర శాతమే" అన్నారు. నేను బేగంపేటలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. బ్యాంకుల్లో శాతమంటే ఏడాదికే లెక్క అని నా బుర్రలో ముద్ర పడిపోయింది. ఫారం మీద ఆ అంకె పక్కన చీమతల అక్షరాలతో "నెలకు" అని ఉంది. నేను చూడలేదు. ప్రతి నెలా బిల్లులో "కనీస మొత్తం" అని ఉన్నది వాయిదా అనుకుని, ఒక్క రోజూ ఆలస్యం చేయకుండా కట్టాను. పదకొండు నెలలు. ముప్ఫై రెండు వేలు దాటింది. బాకీ చూస్తే ఇంకా యాభై మూడు వేలు.

అది లెక్క తప్పేమోనని కింద కస్టమర్ సర్వీసులో అడిగితే నంబరుకు ఫోన్ చేయమన్నారు. ఫోన్ చేస్తే పాట వినిపించారు. కోపంతో మూడో అంతస్తుకు ఎక్కాను, ఎందుకెక్కానో ఇప్పటికీ చెప్పలేను. మాస్టర్ గారు బిల్లు అటూ ఇటూ తిప్పి చూశారు. మెడలోని ఇంచు టేపు తీసి బల్ల మీద పరిచారు.

"అరవై ఇంచులుంది సార్ టేపు. మీ అరవై వేలు గిదే అనుకోండ్రి. మీరు నెలకు కడ్తున్నది మూడించులు." చివర మూడు ఇంచులు మడిచారు. "గా మడిచిన దాంట్లకెల్లి వడ్డీ, వడ్డీ మీద టాక్సు కలిసి రెండున్నర ఇంచులు మళ్ళ ఇప్పుతరు." విప్పారు. "మీకు తగ్గింది ఎంత?"

"అర ఇంచు" అన్నాను.

"మీ కుడికాలంత" అన్నారు ఆయన, నవ్వకుండానే.

తర్వాత సుద్దముక్క తీసి బల్ల మీద పెద్దక్షరాలతో రాశారు: మూడున్నర రూపాయల వడ్డీ. "శాతం అంటే మీకు భయం కాలే సార్. ఊర్ల ఎవడన్న మూడున్నర రూపాయల వడ్డీ అంటే వాని గడప తొక్కుతరా మీరు?" తొక్కను. నూటికి నెలకు రెండు రూపాయలంటేనే మా నాన్న చెప్పులేసుకుని బయటికి వచ్చేసేవాడు. అదే మాట ఏసీ గదిలో, శాతంలో, నవ్వుతూ చెబితే నేను సంతకం పెట్టాను.

"ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందా?" అని అడిగారు. ఉంది. "బ్యాంకోడు మీకు ఇచ్చేది అర్ధ రూపాయి పైన జరంత. మీరు వీళ్ళకిచ్చేది మూడున్నర. రేపే తీసి మొత్తం కట్టేయండ్రి. కనీసం కట్టుడు బంద్ చేయండ్రి." మర్నాడే కట్టేశాను. నా జీవితంలో ఎదురు మాట్లాడకుండా విన్న సలహా అదొక్కటే.

నా ఒక్కడికే కాదు. ఒకసారి నా కళ్ళముందే ఒక హాస్టలు అమ్మాయి ఇంటర్వ్యూ కోసం కోటు, ప్యాంటు, నాలుగు చొక్కాలు కార్డు మీద తీసుకుని కొలతకు వచ్చింది. కోచింగు ఇంకా పూర్తి కాలేదట. "నౌకరి వచ్చిందా బిడ్డా?" అన్నారు. రాలేదంది. "అయితే ప్యాంటొకటి, అంగీలు రెండు ఉంచుకో. అవిటిని నీకు గట్ల కుదిరిస్త, కోటు లేదని ఎవ్వడు అడగడు. మిగిలినయి ఇంక కత్తెర పడలే, వాపస్ తీస్కుంటరు, పో." ఆ అమ్మాయి నిజంగానే కిందికి వెళ్ళి తిరిగి ఇచ్చేసింది. అమ్మిన సరుకు పై అంతస్తు నుంచి వెనక్కి వస్తుంటే కింద వాళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

అప్పు తీరాక నేను ఊరుకోలేదు. మేనేజరుకు ఉత్తరం రాశాను. ధర చీటీ మీద, ధర కిందనే, కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే ఆ బట్ట ఎన్నేళ్ళకు ఎంతవుతుందో ఎందుకు రాయరని అడిగాను. జవాబు లేదు. మరో మూడు రాశాను. రసీదులన్నీ నా దగ్గర ఉన్నాయి.

ఆ మధ్యలోనే మాస్టర్ గారు షోరూము మానేశారు. అమీర్‌పేటలో హాస్టళ్ళ సందులో తాముండే ఇంటి మెట్ల కింద మిషను పెట్టుకున్నారు. మెట్రో దిగిన జనమంతా ఆ మిషనుకు భుజం తగిలిస్తూ పోయేవారు. ఎందుకు మానేశారని అడిగితే, "ఏసీ గాలి పడ్తలేదు సార్, మోకాళ్ళు గుంజుతున్నయి" అన్నారు. నమ్మాను. రెండేళ్ళు వారానికోసారి ఆ మెట్ల మీద కూర్చుని నా ఉత్తరాలకు జవాబు రాలేదని ఆయనకే ఫిర్యాదు చేశాను. "వస్తది తియ్ సార్, ఫికర్ జేయకుండ్రి" అనేవారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

నిన్న చొక్కా తెచ్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. యాదమ్మ గారు చొక్కాతో పాటు మిషను సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. అది నా మొదటి ఉత్తరం జిరాక్సు. నేను అడిగిన ప్రశ్న దగ్గర ఏ గుర్తూ లేదు. కింద ఒక వాక్యం ఉంది: "మీ ఆల్టరేషన్ విభాగంలోని నర్సింహులు మాస్టర్ వివరించే వరకు మీ సిబ్బందిలో ఎవ్వరూ నాకీ సంగతి చెప్పలేదు." ఆయన్ని మెచ్చుకుంటూ రాసిన వాక్యం. ఆ పేరు కింద ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి.

"షోరూమోళ్ళు గిది చేతిల వెట్టి, రేపటి సంది రావద్దన్నరట సారూ" అన్నారు ఆమె.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెప్తనంటే వద్దన్నడు. సారు మనసు పాడైతది, మళ్ళ ఇంకో ఉత్తరం రాస్తడు అన్నడు."

ఈ రెండేళ్ళూ నన్నెవరూ పట్టించుకోలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. పట్టించుకున్నారు. నా ఉత్తరం చదివారు. అందులో వాళ్ళకు పనికొచ్చిన ఒక్క మాట ఏరుకున్నారు. ఆ మాట నేనే రాసి ఇచ్చాను. దీనికి నేనెవరికి ఫిర్యాదు చేయాలో తెలియడం లేదు. కాలరు తిప్పి కుట్టిన చొక్కా వేసుకునే ఇది రాస్తున్నాను. కుట్టు ఎక్కడుందో వెతికినా దొరకడం లేదు. అలాంటి చేయి, అలాంటి నోరు ఈ పంజగుట్ట అమీర్‌పేటల మధ్య ఇక మనకు లేవు. ఆయనకు నా నమస్కారం. క్షమించమని అడగడానికి ఆలస్యమైంది.

మేనేజరు గారూ, ఉత్తరం అందలేదన్న సాకు ఇక మీకు లేదు. నా ప్రశ్న అలాగే ఉంది. దాని పక్కన ఇప్పుడు రెండోది చేరింది: ఆ ప్రశ్న వదిలేసి ఆయన పేరు కిందే ఎందుకు గీత గీశారు? రెండింటికీ కాగితం మీద జవాబు కావాలి. నాకు పంపవద్దు. యాదమ్మ గారికి చదువు రాదు, కాబట్టి మీరే ఆ సందులోకి వచ్చి, ఆ మెట్ల దగ్గర నిలబడి, ఆమెకు చదివి వినిపించండి. కుటుంబ సభ్యులన్నారు కదా, ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. నేను మెట్ల మీద కూర్చుని ఉంటాను.