రివర్స్ లైటు తీగకి కలిపిన కెమెరా

ఈ మాట ఇన్నేళ్ళు నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. అన్నం తింటుంటే గుర్తొచ్చేది. ఎవరైనా "నీ పని అంటే నమ్మకం అండీ" అన్నప్పుడల్లా గుర్తొచ్చేది. మా ఆవిడకి కూడా మొన్నమొన్నటిదాకా చెప్పలేదు. మీకు చెప్తున్నా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, ఒకందుకు అదే నయం. మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి. మామూలుగా నేను ఆగే మనిషిని కాదు, వసపిట్టనని మా షాపు చుట్టుపక్కల అందరూ ఎగతాళి చేస్తారు. ఈ ఒక్క విషయం దగ్గరే నాకు నోరు పడిపోతుంది.

నాది గుంటూరులో కార్లకి కరెంటు పని. హారన్లు, స్టీరియోలు, లైట్లు, ఇప్పుడైతే ఎక్కువగా కెమెరాలు. ఈ రోజు నేను, నా పెళ్ళాం బిడ్డలు నాలుగు మెతుకులు తింటున్నామంటే అది మస్తాన్ అన్న చలవ. ముందు ఆ సంగతే చెప్పాలి. అది చెప్పకుండా నేను చేసిన పని చెప్తే, అదెంత నీచమైన పనో మీకు సగమే తెలుస్తుంది.

మస్తాన్ అన్న మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు షావుకారు గారి కారు డ్రైవరు. నేను అప్పుడే సొంతంగా షాపు తెరిచి ఈగలు తోలుకుంటున్నా. ఒకరోజు హారన్ మోగట్లేదని వచ్చాడు. బాగుచేసి పంపించా. అంతే. ఆ తర్వాత యార్డులో ఏ షావుకారు బండికి ఏం తేడా వచ్చినా "మన తమ్ముడున్నాడు పదండి" అంటూ నా దగ్గరికే పట్టుకొచ్చేవాడు. నేనేమన్నా ఆయనకి చుట్టమా, పక్కమా? "నా కోసం ఎందుకన్నా ఇంత తిరుగుతావు" అంటే "నోర్మూసుకుని పని చూడరా, ముందు టీ చెప్పు" అని కసిరేవాడు. ఆ కసురు నాకెంత ఇష్టమో.

రెండువేల దశకం చివర్లో, షావుకారు గారి బావమరిది సింగపూర్ నుంచి రెండు కెమెరాలు తెచ్చాడు. ఒకటి ముందు అద్దానికట, ఒకటి వెనక అద్దానికట. రోడ్డు మీద ఏం జరిగినా అందులో పడుతుందట. దేని చిప్పు దానికే. అలాంటివి అప్పటికి మా ఊళ్ళో నేను చూడలేదు. షావుకారు గారు హైదరాబాద్‌లో పెట్టించుకుందామనుకుంటే మస్తాన్ అన్నే అడ్డుపడ్డాడు. "మన తమ్ముడు పెడతాడండీ, పూచీ నాది" అన్నాడు. ఆ పని నాకు ఇప్పించింది ఆయనే. పూచీ పడింది కూడా ఆయనే.

ముందు కెమెరా తేలిగ్గానే అయింది. అద్దానికి రబ్బరుతో అంటించి, సిగరెట్ లైటర్ సాకెట్లోంచి కరెంటు ఇచ్చా. వెనకదాని దగ్గర తప్పు చేశా. అంతకుముందు నేను బిగించినవన్నీ బండి వెనక్కి తీసేటప్పుడు చూసుకునే కెమెరాలు. వాటి తీగ రివర్స్ లైటుకి కలపాలి, రివర్స్ గేరు వేస్తేనే కెమెరా పనిచేస్తుంది. వెనక కెమెరా అంటే నా చేతులకి అదొక్కటే తెలుసు. డిక్కీ విప్పా, రివర్స్ లైటు తీగకి కలిపా, టేపు చుట్టా, గేరు రివర్స్‌లో వేసి చూశా. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. "అయిపోయిందన్నా" అన్నా. బండి ముందుకి పోతున్నప్పుడు పనిచేస్తుందా లేదా అన్న ఆలోచనే రాలేదు. తాళం తిప్పగానే కరెంటొచ్చే తీగకి కలపాల్సింది. ఇది తప్పే, కానీ నా గొంతులో ఉన్నది ఇది కాదు. తెలియక చేసినదానికి ఇన్నేళ్ళు ఎవరు ఏడుస్తారు?

ఎండలు ముదిరాయి. ముందు కెమెరా రబ్బరు ఆ వేడికి ఊడిపోయింది. మస్తాన్ అన్న దాన్ని జాగ్రత్తగా డాష్‌బోర్డు సొరుగులో పెట్టి, "ఒకసారి వచ్చి అంటించుకుంటా తమ్ముడూ" అని నాకు ఫోన్ కూడా చేశాడు. ఆ వారంలోనే జరిగింది.

షావుకారు గారిని పర్చూరులో వాళ్ళ బంధువుల ఇంట్లో దింపి, ఒక్కడే చిలకలూరిపేట వైపు వస్తున్నాడు. ముందు పత్తి వేసుకెళ్తున్న ట్రాక్టరు ఒకటి పక్కన డొంక దారిలోకి తిరగబోతూ మొరాయించింది. మస్తాన్ అన్న కారు ఆపాడు. వెనక మోపెడ్ మీద వస్తున్న ఒక యువకుడు డిక్కీకి గుద్దుకుని పడ్డాడు. కాలు విరిగింది. చేలల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. "ట్రాక్టరుకి దారివ్వడానికి కారు వెనక్కి తీశాడు, నా మీదికి ఎక్కించాడు" అన్నాడు ఆ అబ్బాయి. వాడు అబద్ధం ఆడాడని నేను అనను. ఆగి ఉన్న బండి మీదికి మనం పోతుంటే అదే మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది. మస్తాన్ అన్న మాత్రం ఒకటే మాట. "నేను వెనక్కి తియ్యలేదు. కావాలంటే వెనక కెమెరా చూడండి."

చూశారు. ఆ ట్రాక్టరు దగ్గరది అందులో ఏమీ లేదు.

షావుకారు గారు నన్ను కొట్టుకి పిలిపించారు. గుమాస్తా కంప్యూటర్లో ఆ కెమెరా చిప్పు పెట్టి ఉంది. మస్తాన్ అన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను బొమ్మలు ఒక్కొక్కటే చూశా. షావుకారు గారి ఇంటి గేటు. యార్డులో మిర్చి టిక్కీల వరస, అంటే నిండు బస్తాలు. ఆసుపత్రి ప్రహరీ. చివరిది పర్చూరులో బంధువుల ఇంటి వాకిలి. అన్నీ బండి వెనక్కి తీస్తున్నప్పటివే. ఒక్కటి కూడా ముందుకి పోతున్నప్పటిది లేదు. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. ఆ వెంటనే ఇంకోటి కూడా అర్థమైంది.

ఈ కెమెరా రివర్స్ గేరు వేస్తేనే తీస్తుంది. ఆ ట్రాక్టరు దగ్గర మస్తాన్ అన్న రివర్స్ గేరు వేసి ఉంటే, ఆ బొమ్మ ఇందులో ఉండి తీరాలి. లేదు. లేదంటే ఆయన వెనక్కి తియ్యలేదన్నట్టే. అందులో ఏమీ లేకపోవడమే ఆయనకి సాక్ష్యం. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. "నేను తీగ తప్పు కలిపానండి" అనాలి. ఆ ఒక్క ముక్క అంటే చాలు.

షావుకారు గారు అడిగారు. "ఏమయ్యా, వెనక కెమెరాలో ఏమీ లేదేంటి?"

"తీగ ఎవరో లాగేసి ఉంటారండి."

"ఎవరో అంటే?"

"బండి ఎవరి చేతిలో ఉంటుందండీ..." అన్నా.

నేనే అన్నా. ఈ నోటితోనే. ఎందుకన్నా? షాపుకి చెడ్డపేరు వస్తుందనా? యార్డు బండ్లన్నీ పోతాయనా? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది, ఏదీ ఆ మాటంత బరువు తూగదు. మస్తాన్ అన్న గుమ్మంలోంచి "తమ్ముడూ, నేను దాన్ని ముట్టుకోలేదు, నీకు తెలుసుగా" అన్నాడు. కోపంగా అనలేదు. సాయం అడిగినట్టు అన్నాడు. నేను కంప్యూటర్ వైపే చూస్తూ కూర్చున్నా.

ముందు కెమెరా సొరుగులో దొరికింది కదా, ఇక చెప్పేదేముంది. ముందుదాన్ని పీకి దాచాడు, వెనకదాని తీగ లాగాడు అని తీర్మానం చేసేశారు. ముందుది ఊడిందని ఆయన నాకు ఫోన్ చేసిన సంగతి కూడా నేను బయటపెట్టలేదు. ఆ అబ్బాయి వైద్యం షావుకారు గారే చేయించారు. మస్తాన్ అన్నని పనిలోంచి తీసేశారు. ఆయన వెళ్ళిపోయాక బండిని నా షాపుకి తెచ్చి, తీగ సరైన చోట కలిపి, "ఇప్పుడు బాగుందండీ" అని పంపించా. ఎవరైనా డిక్కీ విప్పి చూస్తే బయటపడేదేమో. ఆ దారి కూడా నేనే మూసేశా. ఛీ.

ఆయన మళ్ళీ డ్రైవరు పనికి పోలేదు. యార్డు వెనక పాత గోతాలు కొని, చిరుగులు కుట్టించి అమ్ముకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ పనివ్వట్లేదేమో అనుకున్నా. అది నా వల్లే అనుకున్నా. అయినా నాతో మాట్లాడటం మానాడా? మానలేదు. ఆ గోతాల దుమ్ములోంచే లారీల వాళ్ళని నా దగ్గరికి పంపేవాడు. "కెమెరాలంటే మా తమ్ముడే పెట్టాలి" అని చెప్పేవాడట. వచ్చినవాళ్ళు ఆ మాట నాకు చెప్పి నవ్వేవాళ్ళు. నేను పళ్ళు ఇకిలించేవాణ్ణి.

మా ఆవిడకి పురుటి నొప్పులొచ్చిన రోజు మిర్చి సీజను. రోడ్డు నిండా టిక్కీల లారీలు, ఘాటుకి ఊరంతా దగ్గుతోంది. ఎవరిదో కారు అడిగి తెచ్చా గానీ ఆ రద్దీలో తోలే ధైర్యం నాకు లేదు. ఎదురుగా మస్తాన్ అన్న కనిపించాడు. "అన్నా, నువ్వు తోలన్నా" అని బతిమాలా. తోలనన్నాడు. "నువ్వే తోలు, నేను ముందు నడుస్తా" అని కండువా నడుముకి బిగించి, బండి ముందు పరిగెడుతూ, "ఒరేయ్, తియ్యండ్రా లారీ! పురిటి మనిషిరా!" అని గొంతు చించుకుని ఆసుపత్రి గేటుదాకా దారి చేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. నా కూతురు ఆయన చలవతో ఈ భూమ్మీద పడింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెప్పేద్దామనుకున్నా. "స్వీటు తేరా పిసినారీ" అని నా వీపు మీద చరిచాడు. స్వీటు తెచ్చా. మాట మింగేశా.

ఇలా చెప్పుకుంటూ పోతే ఆయన చేసిన మేళ్ళకి అంతు లేదు. కృతజ్ఞత అంటే హాయిగా ఉంటుందంటారు. నాకది హాయిగానూ ఉండేది, ముల్లులాగానూ గుచ్చేది.

మొన్న ఆయన అల్లుడు సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. టాక్సీ తిప్పుకుంటాడట. ముందూ వెనకా కెమెరాలు పెట్టించమని పొద్దున షాపు దగ్గర వదిలి వెళ్ళాడు. మధ్యాహ్నం మస్తాన్ అన్న వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను డిక్కీ విప్పి తీగ చేతిలోకి తీసుకున్నా. పక్కనే రివర్స్ లైటు తీగ కనిపించి ఆగిపోయా.

"ఏంట్రా ఆగావు?" అన్నాడు.

చెప్పేశా. తీగ సంగతి, చిప్పు సంగతి, నాకు ఆ గదిలోనే అంతా అర్థమైన సంగతి, బండి ఎవరి చేతిలో ఉంటుందండీ అన్న సంగతి. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. కొడతాడనుకున్నా. కొడితే బాగుండుననుకున్నా.

ఆయన స్టూలు నా దగ్గరికి జరుపుకున్నాడు. "అయితే నేను వెనక్కి తియ్యలేదా?"

"లేదన్నా."

"అందరూ తీశావంటుంటే, తీశానేమోరా అనుకున్నా. న్యూట్రల్ అనుకుని రివర్స్ వేశానేమో, ఆ పిల్లాడి కాలు నేనే విరగ్గొట్టానేమో అని..." ఆగాడు. "అందుకేరా మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలా."

నేనేమో పనెవరూ ఇవ్వట్లేదనుకున్నా. ఈ మనిషి తన చేతుల్ని తనే నమ్మడం మానేశాడు. ఆయనకి ప్రాణమైన పని అది. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది షావుకారు కాదు, నేను. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా ఏడుపు చూడలేదు. "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పా. "ఇంటికి రా. మీ వదిన ముందు చెప్పు" అన్నాడు.

వెళ్ళా. వదిన కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పా. ఆమె విని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఒకటే అడిగింది. "అప్పుడే చెప్తే నీకేం పోయేదయ్యా?"

ఏం పోయేది? షాపు పోయేదేమో. అదీ పోయేది కాదేమో. తిట్టి, తీగ మార్చమనేవాళ్ళేమో. మస్తాన్ అన్న క్షమించాననలేదు. నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. ఇక మీదట నా షాపు గడప తొక్కుతాడో లేదో తెలీదు. కానీ నేను చెప్తుంటే లేచిపోకుండా, చివరిదాకా కూర్చుని విన్నాడు. నాకు బతుకిచ్చినందుకు, నా బిడ్డకి దారి చేసినందుకు ఎంత రుణపడ్డానో, ఆ కూర్చున్నందుకూ అంతే రుణపడ్డా.

వాళ్ళిద్దరికీ చెప్పా. షావుకారు గారు ఇప్పుడు లేరు, ఆయన కొడుకులకీ చెప్పా. ఇప్పుడు మీకు చెప్తున్నా, ఎవరడిగినా చెప్తా. పర్చూరు రోడ్డు మీద ఆ రోజు మస్తాన్ అన్న బండి వెనక్కి తియ్యలేదు. నాకు ఆ రోజే తెలుసు.