రెండు ట్రేలు, రెండు వందల పదహారు బిస్కెట్లు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో దొరకని చదువు లేదు. మైత్రీవనం మెట్లెక్కితే గోడ కనిపించకుండా బోర్డులుండేవి. (ఒక మధ్యాహ్నం తీరిక దొరికి మొదటి రెండంతస్తుల బోర్డులు లెక్కపెట్టాను. నలభై మూడు. చినిగిపోయినవి వదిలేశాను.) అన్ని బోర్డుల మీద అన్ని కోర్సులుంటే, ఐదుగురు తినే పప్పులో ఉప్పెంత వేయాలో చెప్పే కోర్సు ఒక్కటి లేదు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వారపత్రికల్లో వంటల పేజీ తీస్తే కందిపప్పు ఒక కప్పు, టమాటాలు రెండు, ఉప్పు తగినంత అని ఉండేది. తగినంత అంటే ఎంత? ఎవరి నాలుక్కి తగినంత? ఆ కప్పు ఏ కప్పు? మా ఇంట్లోనే నాలుగు సైజుల కప్పులుండేవి. ఇలా రాసినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు రైలు ఎన్నింటికని అడిగితే 'తగిన సమయానికి' అని జవాబు చెప్పి పంపాలని నాకు బలంగా అనిపించేది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇంటర్‌తో చదువాపేసి, ఫుట్‌పాత్ మీద కొన్న పాత లెక్కల పుస్తకాలు నాకు నేనే చదువుకుని, ఒక కోచింగ్ సెంటర్లో టైంటేబుళ్ళు వేసే ఉద్యోగం సంపాదించాను. మూడు గదులు, పదకొండు బ్యాచ్‌లు, ఐదుగురు సార్లు. ఏ సారూ రెండు గదుల్లో ఒకేసారి ఉండకుండా, ఏ గదీ అరగంట కూడా ఖాళీగా లేకుండా గళ్ళ కాగితం నింపడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. (వేరేవాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు.) మేముండేది బల్కంపేటలో రెండు గదుల పోర్షన్. పంజాగుట్టలో బాపుది, అంటే మా నాన్నది, టైలర్ దుకాణం. అమ్మ ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. చెల్లెలు డిగ్రీ చదివేది. వీళ్ళందరి మీదా బాపమ్మ, అంటే మా నాయనమ్మ. సిరిసిల్లలో మగ్గాల మధ్య ఇల్లు నడిపిన మనిషి. హైదరాబాద్ వచ్చాక మగ్గాలు లేవు కాబట్టి మమ్మల్ని నడిపేది.

అలాంటి ఇంట్లో అమ్మకి నౌకరి వచ్చింది. పంజాగుట్టలో ఆడపిల్లలకి కుట్టు నేర్పే కేంద్రంలో టీచర్‌గా, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. బాపమ్మ ముందు మొత్తం వింది. తర్వాత, "పొద్దుగాల్నే నువ్వు పోతె పొయ్యి ఎవ్వలు ముట్టిస్తరు? పోరగాండ్లు హోటల్ల తింటరా?" అంది.

"అత్తమ్మా, ఇరవై ఏండ్ల సంది మిషిన్ మీద వంగి కూసున్న," అంది అమ్మ, దారం తెంపుతూ. "నిలబడి నలుగురికి చెప్పే పని గిప్పుడు దొరికింది. పోనియ్యి."

అమ్మ దేన్నైనా అడగడం నేను వినడం అదే మొదలు. బాపమ్మ కూడా విన్నట్టుంది. "సరె, నెల రోజులు సూస్త. ఇల్లు నడిస్తె చెయ్యి. నడవకపోతె బంద్," అంది. బాపు అటూ ఇటూ చూసి, అమ్మ మాటా నిజమే, బాపమ్మ మాటా నిజమే అన్నట్టు తలూపి దుకాణానికి పోయాడు. నెల అంటే ముప్పై రోజులు అని బాపమ్మతో నేను అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాను. (ఆ నెలకి ముప్పై ఒకటి ఉన్నాయి.) ఆ ముప్పై రోజులూ పొద్దున వంట నాది, రాత్రి అన్నం చెల్లెలిది అని ప్రకటించాను. పదకొండు బ్యాచ్‌లు నడిపేవాడికి నాలుగు డబ్బాలు ఒక లెక్కా అనుకున్నాను. ఆఫీసులో అడిగి పదకొండింటికి మొదలయ్యే షిఫ్టు వేయించుకున్నాను. టైంటేబుల్ వేసేది నేనే కాబట్టి అడిగింది కూడా నన్నే.

ముందుగా అమ్మ చేతిని తూచాలి. ఆమె ఏదైనా 'అందాజ' మీద, అంటే కంటి అంచనాతో, వేసేది. నౌకరిలో చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, బాపు దుకాణం పక్కన వెండి పట్టీలకు మెరుగు పెట్టే ఆయన దగ్గర చిన్న త్రాసు అడిగి తెచ్చి, ఉప్పు చిన్న డబ్బాలో పోసి, అమ్మ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి తూచాను. మొదటి రోజు పదకొండు గ్రాములు. రెండో రోజు పదిహేడు. మూడో రోజు పద్నాలుగు. పప్పు మాత్రం మూడు రోజులూ ఒకే రుచి. ఇది నాకు మోసంలా కనిపించింది.

"మొన్నటికీ నిన్నటికీ ఆరు గ్రాముల తేడా ఉంది. ఎందుకు?" అని నిలదీశాను.

"నిన్న చుక్కకూర పడ్డది గద," అంది అమ్మ.

"కూరకీ ఉప్పుకీ ఏం సంబంధం?"

అమ్మ నా మొహం చూసి, "నువ్వు రాసుకో బిడ్డా," అని ఉల్లిగడ్డ తరగడంలో పడింది. నేను సగటు కట్టి పద్నాలుగు అని రాసుకున్నాను. పక్క పోర్షన్‌లో ఉండే పిన్నిగారు (భీమవరం వైపు వాళ్ళు) కిటికీలోంచి ఇదంతా చూసి, "ఏంటి బాబూ, ఉప్పు కూడా వెండిలాగా తూస్తున్నావు, ధర పెరిగిందా ఏంటి?" అన్నారు. నేను లెక్క మధ్యలో ఉన్నాను.

సోమవారం, మొదటి రోజు. వంటింటి గోడకి గళ్ళ కాగితం అంటించాను. ఐదూ నలభైకి బియ్యం నానాలి. ఆరింటికి ఒక పొయ్యి మీద కుక్కర్, రెండో దాని మీద చాయ్. ఆరూ ఇరవైకి మూడో కూత, ఆరున్నరకి కూర. అమ్మ డబ్బా ఏడూ నలభై ఐదుకి, చెల్లెలిది ఎనిమిదిన్నరకి, బాపుది తొమ్మిదికి, నాది పదిన్నరకి. ఈ పద్ధతిలో ఒక్క లోపం లేదని ఈనాటికీ అంటాను. లోపం మనుషుల్లో ఉంది. ఆరూ పదికి, కుక్కర్ రెండో కూత మీద ఉండగా, బాపమ్మ వచ్చి దాని మంట తగ్గించి, చాయ్ దించి తన నీళ్ళు పెట్టుకుంది. మూడో కూత ఆరూ ముప్పై ఐదు దాకా రాలేదు. "బాపమ్మా, నీ స్లాట్ ఏడింటికి," అన్నాను గోడ చూపించి. "నా పొయ్యి దగ్గరికి నేను రావడానికి బోర్డు సూడాల్నా?" అంది. చెల్లెలు తలదువ్వుకుంటూ, "బాపమ్మ పాత స్టూడెంట్ అన్నా, ఏ బ్యాచ్‌లనైనా కూసుంటది," అంది.

పప్పులో సరిగ్గా పద్నాలుగు గ్రాములు వేశాను. బాపు నోట్లో పెట్టుకుని ఉప్పెక్కువైందన్నాడు. బాపమ్మ అదే గిన్నెలోంచి తిని సప్పగుందంది. ఒకరు ఎక్కువన్నారు, ఒకరు తక్కువన్నారు. అంటే సరిగ్గా సరిపోయిందనే కదా. ఈ మాట నేను వివరంగా చెప్పినా ఆ ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళు లేరు.

అయినా ఇల్లు నడిచింది. వంకాయ మాడింది, ఒక రోజు పచ్చిపులుసులో చింతపండు వేయడమే మరిచాను (బాపు అది కొత్త రకం చారనుకుని ఊరుకున్నాడు), కానీ డబ్బా ఆలస్యమైన రోజు ఒక్కటి లేదు. అమ్మ సాయంత్రం వచ్చి, ఈ పిల్ల చంక కోత నేర్చుకుంది, ఆ పిల్ల కాజాలు కుట్టింది అని చెప్పేది. ఆమె గొంతు కొంచెం పెద్దదైందని నాకనిపించింది. బాపమ్మ వినేది, ఏమనేది కాదు. బాపమ్మ ఏమనకపోవడం మంచిదో చెడ్డదో లెక్కకట్టే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు.

ఇరవై ఐదో రోజున అసలు పరీక్ష వచ్చింది. ఆదివారం బల్కంపేట బోనాలు. సిరిసిల్ల నుంచి పద్నాలుగు మంది చుట్టాలు వస్తున్నారు. "ఏటా బోనాలకు మీ అమ్మ డబ్బా నిండ బిస్కెట్లు చేపిస్తది," అంది బాపమ్మ నాతో. "ఈసారి డబ్బా ఖాళీ ఉంటె, కోడలు నౌకరిల పడి ఇల్లిడిసిందనరా? అప్పుడు నేనేం చెప్పాలె?" అది బెదిరింపు కాదు, ఆమె నిజంగానే ఆలోచిస్తోంది. అందుకే నాకు భయమేసింది. అమ్మకి శనివారం కూడా క్లాసుంది. బిస్కెట్లు నేను చేయిస్తానన్నాను.

చేయించడం అంటే, అప్పట్లో మా ఇళ్ళల్లో ఓవెన్లు లేవు. మైదా, చక్కెర, వనస్పతి, ఖాళీ రేకు డబ్బా పట్టుకుని గల్లీ చివరి బేకరీకి పోవడమే. మధ్యాహ్నం రొట్టెలు దిగాక భట్టీలో వేడి మిగిలి ఉంటుంది. ఆ వేడిలో మన పిండి మన కళ్ళముందే కాల్చి డబ్బాలో పోసిస్తారు. పండగ ముందు రోజు కాబట్టి మనిషికి రెండు ట్రేలే అన్నాడు బేకరీ చాచా. నేను లెక్కతోనే వచ్చాను. చుట్టాలు పద్నాలుగు, మేము ఐదుగురం, పందొమ్మిది. మనిషికి పది చొప్పున నూట తొంభై. బాపమ్మ దాచుకునేవి ఇరవై. మొత్తం రెండు వందల పది. బాపు టేపుతో ట్రే కొలిచాను. అడ్డం పద్దెనిమిది అంగుళాలు, నిలువు ఇరవై నాలుగు. బిస్కెట్ రెండంగుళాలు. అడ్డం తొమ్మిది, నిలువు పన్నెండు, ట్రేకి నూట ఎనిమిది, రెండు ట్రేలకి రెండు వందల పదహారు. ఆరు మిగులు. లెక్క కాగితం మీద ఆ ఆరు కింద రెండు గీతలు గీశాను.

చాచా ట్రేకి నలభై ఎనిమిది మాత్రం దూరం దూరంగా పెట్టబోయాడు. అలా పెడితే సగం డబ్బా కూడా నిండదు. నేను అడ్డుపడ్డాను.

"బేటా, జర జాగా ఇడువు. పిండి భట్టీల పెరుగుతది," అన్నాడు చాచా.

"ఎంత పెరుగుతది?"

"పెరుగుతది, అందాజగ."

ఇరవై ఏడు రోజులుగా నేను మింగిన ఆ మాట మళ్ళీ నా ముందుకొచ్చింది. "అంగుళాల్లో చెప్పండి చాచా, అంత వదులుతా," అన్నాను. "చెప్పలేకపోతే పెరగనట్టే." బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. చాచా గడ్డం గోక్కుని, "పిండి నీది, ట్రే నాది, మర్జీ నీది," అని తప్పుకున్నాడు. నేనే స్వయంగా తొమ్మిది పన్నెండ్లు, అంచుకి అంచు ఆనించి పేర్చాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

ట్రేలు బయటికొచ్చేసరికి బిస్కెట్లు లేవు. ఒక్కో ట్రేలో పద్దెనిమిది బై ఇరవై నాలుగు అంగుళాల బిస్కెట్ ఒకటే ఉంది. బెంచీ మీద ఒకామె, "దుప్పటి నేసిండు పిలగాడు," అంది. రేపు సిరిసిల్ల వాళ్ళ ముందు ఖాళీ డబ్బా, బాపమ్మ మొహం, సోమవారం నుంచి మళ్ళీ మిషన్ మీద వంగిన అమ్మ వీపు, ఇవన్నీ వరసగా నా కళ్ళముందు నిలబడ్డాయి. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పిండి మీద, చాచా మీద, ఆ మాట మీద.

అప్పుడే ఐదవుతోంది. పంజాగుట్ట నుంచి నడిచొస్తున్న అమ్మ నన్ను బేకరీ గుమ్మంలో చూసి లోపలికొచ్చింది. ట్రే చూసింది. ఏమైందని అడగలేదు. "చాచా, కేక్ కోసే పొడుగు చాకు ఇయ్యి. వేడి మీదనే కోయాలె, సల్లారితె పలుగుతది," అంది. చెంగు నడుముకి దోపి, బట్ట కత్తిరించే బల్ల దగ్గర నిలబడినట్టు నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరికి చాకు దింపింది. గీత గీయలేదు. సంచిలోంచి టేపు తీయలేదు. అడ్డంగా కోసింది, నిలువుగా కోసింది. రెండో ట్రే కూడా అంతే. నాలుగు నిమిషాలు పట్టలేదు. బెంచీ మీదామె, "టైలరమ్మా, నాది సుత ఇట్లనే కోసిస్తవా?" అంది.

అమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను టేపు తీసి కొలిచాను. మొదటిది రెండంగుళాలు. మధ్యలోది రెండంగుళాలు. మూలది రెండంగుళాలు. పన్నెండు కొలిచి ఆపేశాను. డబ్బాలో వేసేటప్పుడు లెక్కపెడితే రెండు వందల పదహారు వచ్చాయి. నా లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. ఈ సంగతి ఆ రోజు ఎవరూ గుర్తించలేదు. తర్వాత కూడా గుర్తించలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం అమ్మవారికి బోనం సమర్పించి వచ్చాక చాయ్‌తో పాటు డబ్బా తిరిగింది. సిరిసిల్ల పెద్దమ్మ ఒకటి చేతిలో తిప్పి చూసి, "గీ నాలుగు పలకల బిస్కెట్లు ఏడ కొన్నరు? మస్తు సాఫ్ గున్నయ్," అంది.

"కొనుడేంది? మా కోడలు కోసింది," అంది బాపమ్మ. "ఆమె టీచరు. పంజాగుట్టల నేర్పుతది."

"టీచరా? ఎప్పటి సంది?"

"నెలయింది," అంది బాపమ్మ, చాయ్ ఊదుకుంటూ. "ఇంట్ల సుత ఏం ఫికర్ లేదు. నడుస్తంది."

ఆ రోజు ఇరవై ఎనిమిదో రోజు. నెల ముప్పై అని మేమిద్దరం ఖాయం చేసుకున్నాం. ఇంత ముఖ్యమైన విషయంలో రెండు రోజులు ఉత్తినే కలిపేయడం నేను భరించలేకపోయాను. సరిచేయడానికి నోరు తెరిచేసరికి చెల్లెలు అందులో రెండు బిస్కెట్లు కుక్కింది. గుమ్మం దగ్గర అమ్మ చాయ్ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆమె బాపమ్మని చూస్తోంది. అంత చాయ్ చల్లారిపోతున్నా ఎవరికీ ఇవ్వకుండా అలాగే చూస్తోంది. బిస్కెట్లు గొంతు దిగాక కూడా నేనేమీ అనలేదు.

అమ్మ ఆ కేంద్రంలో పద్దెనిమిదేళ్ళు నేర్పింది. నాతో ఎవరూ 'నీ నెలయిపోయింది, గంటె కింద పెట్టు' అనలేదు. ఒప్పందం ముప్పై రోజులైతే నేను ఆరేళ్ళు వండాను. నా పెళ్ళయ్యేదాకా. ఇది ఎంత అన్యాయమో ఇన్నేళ్ళలో చాలామందికి చెప్పాను. వింటున్నవాళ్ళు జాలిపడతారు, మరి అడగలేకపోయావా అంటారు. మరిచిపోయాననుకుంటారేమో. నేను మరవను. ఆ బుధవారం పొద్దున ఐదూ నలభైకి వంటింట్లో దీపం వేసినప్పుడు అది ముప్పై ఒకటో రోజని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ లెక్క పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పక్క గదిలో అమ్మ క్లాసుకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఇరవై రెండేళ్ళ ఆ లెక్కలవాడు కాసేపు నిలబడి విని, ఎవరికీ చెప్పకుండా బియ్యం కడిగాడు.