భుజంగరావు గారు కార్డు కొట్టని మనిషి లేడు

భుజంగరావు గారికి ఒకటే జబ్బు. విజిటింగ్ కార్డు లేని మనిషిని చూస్తే ఆయనకి అన్నం సహించదు. కావాలా అని అడగరు. పేరు కనుక్కుని, ఆ మనిషి ఏం చేస్తాడో తనే తేల్చేసి, కార్డు అచ్చేసి చేతిలో పెట్టేస్తారు.

ఉక్కు ప్లాంటు పనివాళ్ళుండే భిలాయి క్యాంప్ 1లో ఆయన స్క్రీన్ ప్రింటింగ్ కొట్టూ, నా ఎస్టీడీ బూతూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో రేకు గోడ. బూతు తెరిచిన వారంలోనే నా చేతిలోనూ పడింది కార్డు: ‘కుమారి అహల్య, ఫోను తల్లి’.

“నేను ఎవరికి తల్లినేటి బాబాయ్? నాకింకా పెళ్ళే కాలేదు!”

“ఊరందరికీ ఊసు కలుపుతావు. తల్లంటే తప్పేటే?”

ఆ కార్డు చూశాకే రెండు సంబంధాలు వెనక్కి పోయాయని మా అమ్మ ఇప్పటికీ ఆయన్ని తిట్టుకుంటుంది.

మా ఎదుట టమాటాలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడకి హిందీలో కొట్టిచ్చారు: ‘టమాటా దీదీ, తూకంలో మోసం ఉండదు’. ఆవిడ మురిసిపోయి దాన్ని తక్కెడకి కట్టుకుంది. వెంటనే పక్క బండివాడు వచ్చి భుజంగరావు గారి కాలరు పట్టుకున్నాడు. “అంటే నా తూకంలో ఉందనా భయ్యా?” అని. ఈయన ఏమాత్రం తొణక్కుండా, “నీకూ ఒకటి కొడతాను, ఉండు” అన్నారు. దాంతో గొడవ చల్లారింది.

ఇక రచయితల సంగతి. ఆ రోజుల్లో ఇటు దుర్గ్ నుంచి అటు భిలాయి-3 దాకా తెలుగులో పుస్తకం వేసినవాళ్ళందరూ ఈయన దగ్గరికే రావాలి. తెలుగక్షరాలతో కార్డులు కొట్టే కొట్టు ఇంకోటి ఉండేది కాదు మరి. పుస్తకంతో పాటు పంచిపెట్టే కానుకలకి కూడా ఈయనే గతి. ప్లాంటులో గుమాస్తాగిరీ చేసే లక్ష్మీప్రసాద్ ఒక డిటెక్టివ్ నవల రాశాడు. “కొన్నవాళ్ళకి ఏదైనా సరదా కానుక తయారుచెయ్యండి బాబాయ్” అని పుస్తకం ఇచ్చి పోయాడు. భుజంగరావు గారు నవలంతా చదివి, అందులో ఉన్న పాత్రలన్నింటికీ తలొక విజిటింగ్ కార్డు కొట్టి, సెట్లు కట్టి, ప్రతి పుస్తకంలోనూ ఒక సెట్టు పెట్టేశారు. ఆలోచన బ్రహ్మాండంగా ఉందని నేను కూడా మెచ్చుకున్నాను. లక్ష్మీప్రసాద్ వచ్చి పై కార్డు తీసి చూశాడు: ‘శ్రీమతి వెరోనికా, హంతకురాలు, బంగళా వెనక గది’.

“ఓర్నాయనో! ఆఖరి పేజీ దాకా దాచుకున్న సంగతి కార్డు మీద ఏసీసినారేటి!”

“మరి ఆవిడ చేసిన పని అదే కదా! కార్డు మీద అబద్ధం రాయమంటావేటి?”

పాపం లక్ష్మీప్రసాద్ ఆ రోజంతా నా బూతులో స్టూలేసుకుని కూర్చుని, పుస్తకాల్లోంచి వెరోనికాలను ఏరి పారేశాడు.

ఇంత జరిగాక కూడా త్రినాథరావు గారు ఈయన దగ్గరికే వచ్చారు. ఆయన ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. మా క్యాంపు సందుల్లోని మనుషుల మీద కథలు రాసి పుస్తకం వేశారు. వచ్చే ఆదివారం తెలుగు సంఘం హాల్లో ఆవిష్కరణ.

“తమ్ముడూ, కార్డు మీద ‘కథా కేసరి’ అని ఎయ్యి. వచ్చినోళ్ళకి నా ఫోటో ఉన్న పెన్నులివ్వాల. కీచైన్లు కూడా.”

“కీచైన్ మీద మీ బొమ్మెందుకన్నయ్యా? తాళాలు పోతే మీరూ పోతారు.”

త్రినాథరావు గారు నవ్వలేదు. స్టూలు మీద కూలబడ్డారు. కిందటి నెల అదే హాల్లో ఒక కవిగారి పుస్తకం ఆవిష్కరించినప్పుడు, దండ వేసినాయన, వేయించుకున్నాయన తప్ప కుర్చీలన్నీ ఖాళీ.

“కోక్ ఓవెన్ల సెగకి నేనెప్పుడూ బెదరలేదురా. ఖాళీ కుర్చీలంటే మాత్రం బెంగగా ఉంది. ఎవరి కథలు రాసినానో ఆళ్ళే రాకపోతే, ఇంక కలం ముట్టను. ఒట్టు.”

ఆ మాట ఆయన ఊరికే అనలేదని నాకు తెలుసు. మాట తప్పే మనిషి కాదాయన. నాకు భయమేసింది.

శనివారం ఉదయం ఆయన కార్డుల కోసం వస్తే, భుజంగరావు గారు కట్ట విప్పారు. త్రినాథరావు గారి పేరుతో ఒకే ఒక్క కార్డు ఉంది: ‘త్రినాథరావు, కథలు రాస్తారు’. మిగతావన్నీ క్యాంపులోని జనానివి. ‘ధర్మారావు గారు, పాఠకుడు’. ‘డైసీ గారు, పాఠకురాలు’. ‘జార్జి గారు, పాఠకుడు’. ప్రతి కార్డు కిందా ‘త్రినాథరావు గారి కథలకు’ అని చిన్న అక్షరాలు.

“నా పుస్తకానికి ఆళ్ళ కార్డులేటిరా? పెన్నులేవీ?”

“పెన్నులిస్తే ఆళ్ళు కూడా రాసీడం మొదలెడతారన్నయ్యా. ఇప్పుడు మనకి కావలసింది చదివీవోళ్ళు.”

త్రినాథరావు గారు కట్టని అక్కడే విసిరికొట్టి, “నీ దగ్గరికి రావడం నాదే బుద్ధితక్కువ” అని వెళ్ళిపోయారు. భుజంగరావు గారు తాపీగా కార్డులన్నీ ఏరుకుని, దుమ్ము దులిపి, సైకిలెక్కారు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళని సందు మొదట్లోనే ఆపి, ఎవరి కార్డు వాళ్ళకి ఇచ్చి, “రేపు సాయంత్రం హాలుకి రండి” అని చెప్పుకుంటూ పోయారు.

ఒక్క కుర్చీ అయినా నింపుదామని ఆదివారం నేను బూతు మూసి వెళ్ళాను. కూర్చోవడానికి నాకే కుర్చీ దొరకలేదు! గోడల వెంబడి కూడా జనం. ఇస్త్రీ చొక్కాలు, ప్రతి జేబులోంచీ పేరు కనబడేలా తొంగిచూస్తున్న కార్డు. ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసే ధర్మారావు ముందు వరసలో కూర్చున్నాడు.

“మా శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో పడ్డం ఇదేనమ్మా. ప్లాంటులో ఎప్పుడూ నంబరే కదా. అందులో ‘గారు’ అని కూడా ఉంది. రాకపోతే బాగోదు” అన్నాడు నాతో.

త్రినాథరావు గారు గుమ్మంలో నిలబడి చాలాసేపు లోపలికే రాలేకపోయారు. నేనే చెయ్యిపట్టి వేదిక దాకా తీసుకెళ్ళాను.

దండలయ్యాక పుస్తకాలు పంచారు. అప్పుడు ధర్మారావు లేచి చేతులు కట్టుకున్నాడు.

“అయ్యా, నేను ఇక్కడే పుట్టినాను. హిందీ స్కూల్లో చదివినాను. తెలుగు మాటాడ్డమే వచ్చు. ఈ కార్డు కూడా మా ఆవిడ చదివి చెప్పింది. దీని మీద చూస్తే పాఠకుడని ఉంది. ఇప్పుడు నన్నేటి చెయ్యమంటారు?”

“హమ్ కో భీ నహీ ఆతా” అని తనకీ రాదన్నాడు వెనక నుంచి జార్జి. మెల్లిగా సగం హాలు చేతులెత్తింది.

వేదిక మీదున్న అధ్యక్షుల వారు ఉపన్యాసం కాగితాలు సర్దుకుంటున్నారు. త్రినాథరావు గారు ఆయన ముందున్న మైకు లాక్కుని, పుస్తకం తెరిచి మొదటి కథ చదవడం మొదలుపెట్టారు. మా సందులో కుళాయి దగ్గర జరిగిన కొట్లాట కథ అది. రెండో పేజీకే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. “అరే, అది మా అత్తే!” అని డైసీ అరిచింది. ఇంకోటి, ఇంకోటి అని అడిగి మరీ చదివించుకున్నారు. అధ్యక్షుల వారి ఉపన్యాసం సంగతి ఎవరికీ గుర్తు లేదు. త్రినాథరావు గారి మొహం వెలిగిపోవడం చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తిరిగొస్తూ అడిగాను. “బాబాయ్, ఆళ్ళకి చదవడం రాదని నీకు తెలీదా?”

“ఎందుకు తెలీదే! ముందు కార్డిచ్చీసేవనుకో, మనిషి తర్వాత దానికి తగ్గట్టు సర్దుకుంటాడు.”

మర్నాడు ఉదయం త్రినాథరావు గారు కొట్టు ముందు నిలబడి, లోపలికి రాకుండా తచ్చాడారు. కాసేపటికి గొంతు సవరించుకున్నారు.

“తమ్ముడూ, నా కార్డు మార్చాల. జనం మళ్ళీ ఎప్పుడు చదువుతారని అడుగుతున్నారు. ‘ఆదివారం సాయంత్రం, క్వార్టరు వరండాలో కథలు చదివి వినిపిస్తారు’ అని ఎయ్యి.”

భుజంగరావు గారు బల్ల కిందకి వంగి ఒక కట్ట తీసి చేతికిచ్చారు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. సిరా ఎప్పుడో ఆరిపోయింది.

“ఇదెప్పుడు కొట్టినావురా?”

“మీరు పెన్నులడిగిన రోజే అన్నయ్యా.”

త్రినాథరావు గారు కట్ట విప్పి, పై కార్డు తీసి, రేకు గోడ మీదుగా నాకు అందించారు.

“ఫోను తల్లీ, ఆదివారం పెందరాళే రా. కుర్చీలు సరిపోవు.”