గిత్త వీపున నేను పెట్టిన సుడి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, లండన్ వెళ్లి చిత్రలేఖనం నేర్చుకోవాలనే పిచ్చి నాకు పట్టింది. పొలం అమ్మకుండా వెళ్లే దారి వెతికాను. ఓడలో వంటవాడిగా చేరదామంటే నాకు గంజి వార్చడం కూడా రాదు. మిగిలిన చవకైన దారి ఒక్కటే, వెల్దుర్తిలో గిత్తలు పెంచి అమ్మే మా మేనమామ.

"తెల్లగిత్తకు మంచి బేరం వచ్చిందిరా. ఆ డబ్బుతో నిన్ను ఓడెక్కిస్తా. అది పోయేలోపు దాని బొమ్మ గియ్యి, గోడకు పెట్టుకుంటా," అన్నాడు మామ.

గీశాను. వీపు మరీ బోసిగా కనిపిస్తే, అందం కోసం కుంచెతో అక్కడ వెంట్రుకల సుడి ఒకటి తిప్పాను.

గిత్తను తోలుకుపోవడానికి నకరికల్లు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మామ ముందుగా ఆయనకు నా బొమ్మ చూపించాడు. పెద్దాయన మొహం మాడిపోయింది.

"ఏందయ్యా ఇది? వీపున ఈ సుడి ఉంటే ఇంటి యజమానికి చేటు గదా."

"గిత్తకు లేదండీ. అందం కోసం నేనే పెట్టాను," అన్నాను.

"లేనిది ఎవడన్నా గీస్తాడా?" అంటూ ఆయన కొట్టంలోకి వెళ్లి, గిత్త వీపు తడిమి చూశాడు. "చానా నున్నగా గొరిగారే," అని వెళ్లిపోయాడు.

మామ నన్ను మాచర్ల స్టేషనుకు తీసుకెళ్లి, మా ఊరు నరసరావుపేటకు టిక్కెట్టు కొనిచ్చాడు.

కొన్నేళ్లకు ఆ బొమ్మ మామ కొట్టంలో కనిపించింది. సుడి మీద ఎవరో సున్నం పూశారు. ఒప్పుకోక తప్పదు, ఆ సున్నం పడ్డాకే అది గిత్తలా ఉంది.