ఉపవాసానికి ముందు నేను మింగేసిన మాట

పదకొండేళ్ళ క్రితం ఒక మనిషి నన్ను నమ్మి ఒక మాట చెప్పింది. దాన్ని పక్కనే నిలబడి ఉన్న ఇంకో మనిషికి అరబీలో చెప్పడం నా పని. నేను చెప్పలేదు. ఇంతే నా తప్పు. రాస్తే నాలుగు వాక్యాలు కూడా కాలేదు. కానీ ఇన్నేళ్ళూ దీన్ని మోస్తూనే అన్నం తిన్నాను, నిద్రపోయాను, ప్రార్థన చేశాను. ఈ ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది కృష్ణా డెల్టాలో ఒక పేట. మా నాన్న తరంలో అక్కడ కొన్ని కుటుంబాలు చర్చికి వెళ్ళడం మానేసి యూదుల ఆచారంలోకి వచ్చాయి. శుక్రవారం పొద్దుగూకగానే మా ఇళ్ళలో దీపం పెడతారు. శనివారం పొయ్యి వెలిగించరు. ఏడాదికోసారి ప్రాయశ్చిత్త దినం వస్తుంది. ముందు రోజు సూర్యుడు దిగకముందే అన్నం తినేసి, మర్నాడు చీకటి పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టం. సౌదీకి వచ్చాక ఇవన్నీ ఒంటరిగా, చప్పుడు లేకుండా చేసుకుంటూ వచ్చాను. కాగితాల్లో నేను క్రైస్తవుడిని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా కంపెనీ డ్రైవరు ఖాదర్ భాయ్, హైదరాబాదీ, నా ఉపవాసం చూసి ఏటా ఒకే జోకు వేసేవాడు. "రంజాన్ ఎప్పుడో పొయ్యింది గదా భాయ్, ఇదేం రోజా? బాకీ తీర్చుకుంటున్నవా?" మొక్కు అని చెప్పి తప్పించుకునేవాడిని.

పని అల్ ఖర్జ్‌లో, ఒక పాడి ఫారం ఆఫీసులో. నాకు అరబీ బాగా వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి తెలుగువాళ్ళకు ఎక్కడ ఏం అడ్డం వచ్చినా నన్నే పిలిచేవారు. పిలిస్తే గొప్పగా ఉండేది కూడా. ఇద్దరి మధ్య నిలబడి, ఇద్దరికీ కావలసినవాడిగా ఉండటంలో ఒక సుఖం ఉంది. దాన్ని సేవ అనుకునేవాడిని.

ఆ రోజు ప్రాయశ్చిత్త దినానికి ముందు రోజు. పొద్దు వాలుతుండగా, అసర్ నమాజు అయ్యాక మా మేనేజరు పిలిచి, వాళ్ళ మేనమామ ఇంటికి వెళ్ళి రమ్మన్నాడు. ఆయన్ని అందరూ అబూ ఫహద్ అంటారు. ముసలాయన, ఆయన భార్య ఉంటారు ఆ ఇంట్లో. భార్య మంచం మీద ఉన్న మనిషి. ఆమెను చూసుకోవడానికి మన వైపు నుంచి ఒకామెను తెచ్చుకున్నారు. ఆమె రెండు రోజులుగా పని చేయడం లేదు, ఏడుస్తోంది, ఏం చెబుతోందో ఎవరికీ తెలియడం లేదు. వెళ్ళి కనుక్కో అన్నాడు.

ఖాదర్ భాయ్ బండిలో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. పొద్దున్నే పప్పు వండి పెట్టుకున్నాను. సూర్యుడు దిగేలోపు గదికి వెళ్ళి తినకపోతే, తినకుండానే ఉపవాసంలోకి వెళ్ళాలి. అక్టోబరు ఎండలో అది కష్టం.

వంటింటి గుమ్మం దగ్గరికి ఆమె వచ్చింది. పేరు రెడ్డెమ్మ, కడప వైపు మనిషి. అబూ ఫహద్ మాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కానీ ముఖం పూర్తిగా అటు తిప్పుకుని, ఖర్జూరం చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. పరాయి ఆడమనిషి వైపు చూడకపోవడం ఆయన మర్యాద. పాతకాలం మనిషి.

నేను తెలుగులో పలకరించగానే ఆమె మొహమే మారిపోయింది.

"అన్నా, మన దిక్కోడివేనా? బతికించినావు." తర్వాత ఆగలేదు. "పెద్దమ్మను బాత్రూములో లేపబోతి. జారి ఇద్దరం పడితిమి. ఆమె నా మీద పడె. ఆమెకేం కాలేదన్నా, దేవుని దయ. నా చెయ్యి చూడు." నల్ల బురఖా చేతిని కొంచెం పైకి జరిపింది. కుడి మణికట్టు వంకాయలా ఉబ్బి, రంగు మారి ఉంది. "ముద్ద గూడా ఎత్తలేకున్నా. ఈ మాట చెప్తే పెద్దమ్మను పడేసినానని పోలీసులకు పట్టిస్తారేమోనని ఎవురికీ చూపీలా. నువ్వే మంచిగా చెప్పున్నా. ఆస్పత్రికి తోల్కపోమను. ఆన్నించి ఇంటికి పంపీమను."

అబూ ఫహద్ అటు తిరిగే అడిగాడు. "ఏమంటోంది? జబ్బేమైనా ఉందా?"

అప్పుడు నా తలలో ఏం తిరిగిందో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. నిజం చెబితే ముందు ముసలామె పడిన సంగతి బయటికొస్తుంది. కొడుకులకు ఫోన్లు వెళతాయి. ఆస్పత్రి. ఎలా పడ్డారు, ఎవరు పడేశారు అని ప్రశ్నలు. ప్రతిచోటా ఆమె మాట అరబీలోకి మార్చి చెప్పడానికి నేనుండాలి. రాత్రయిపోతుంది.

"లేదు," అన్నాను. "పిల్లలు గుర్తొచ్చి దిగులు పడుతోంది. సర్దుకుంటుంది."

ఆయన అయ్యో పాపం అన్నట్టు తలాడించాడు. ఆమె ఫోన్లో ఇంటికి మాట్లాడుకోవడానికి ఇంకో గంట ఎక్కువ ఇస్తానన్నాడు.

"ఏమన్యాడన్నా?" అంది రెడ్డెమ్మ.

"చూస్తామన్నారమ్మా. కొంచెం ఓపిక పట్టు."

గదికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కడుపునిండా తిన్నాను. పప్పు బాగా కుదిరింది. అది కూడా గుర్తుంది నాకు.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న కథ వేరు. అబూ ఫహద్ మేనేజరుకు మేనమామ, ఆ వారమే నేను ఆ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా రెన్యువల్ కాగితం మేనేజరు బల్ల మీద ఉంది, భయపడ్డాను, పరాయి దేశంలో ఎవడైనా భయపడతాడు అని. భయం ఉన్నమాట నిజమే. కానీ ఆ ముసలాయన నాకు హాని చేసే మనిషి కాడు. జబ్బేమైనా ఉందా అని తనే అడిగాడు. ఉందని ఒక్క మాట అంటే తనే బండి తీయించేవాడు. భయమైతే క్షమించుకోగలిగేవాడినేమో. నేను చెప్పకపోవడానికి కారణం అన్నం. దేవుడి దగ్గర నా తప్పులు కడుక్కోవడానికి టైముకు చేరాలని, గుమ్మంలో ఒక మనిషి చేతిని అలా వదిలేసి వచ్చాను.

మర్నాడు ఉపవాసం. ఆ ఉదయం మేము యెషయా ప్రవక్త మాటలు చదువుతాం. పనివాళ్ళను బాధపెడుతూ చేసే ఉపవాసం నాకెందుకని దేవుడు అడుగుతాడు అందులో. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన భాగం. ఆ రోజు దాన్ని గబగబా చదివేశాను. మధ్యాహ్నం యోనా కథ. నినెవె పట్టణం నాశనం కాబోతోందని వెళ్ళి అక్కడివాళ్ళకు చెప్పు అని దేవుడు పంపిస్తే, చెప్పకుండా ఓడెక్కి పారిపోయిన మనిషి. నేను ఓడ కూడా ఎక్కలేదు. నిల్చున్న చోటి నుంచే పారిపోయాను. అది ఆ రోజు నాకు తట్టలేదు, దాహం ఒక్కటే తెలిసింది. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ భయం వేస్తుంది. ఆ కథను అన్నిసార్లు చదివినవాడిని, అంత సులువుగా ఎలా దాటిపోగలిగాను?

నాలుగు నెలల తర్వాత ఖాదర్ భాయ్ చెప్పాడు. "ఆ రెడ్డెమ్మకు ఎగ్జిట్ కొట్టిచ్చిన్రు భాయ్. ఎయిర్‌పోర్టుల దింపి వస్తున్న. చెయ్యి వంకర పొయ్యింది పాపం. ఎముక విరిగి అట్లనే అతుక్కుందంట. నువ్వు పోయి మాట్లాడినవ్ గదా, అప్పుడు చెప్పలేదా?"

"లేదు భాయ్. ఏం చెప్పలేదు."

ఇది రెండో తప్పు. మొదటిది తొందరలో చేశాను అనుకుందాం. దీనికి ఏ తొందర ఉంది?

ఈ అబద్ధమే ఊరంతా తిరిగింది. నోరుండి చెప్పుకోలేని మనిషి అన్నారు మనవాళ్ళు. అబూ ఫహద్ ఇంట్లోనూ అదే అనుకున్నారు, దెబ్బ దాచిపెట్టి తన చెయ్యి తనే పాడుచేసుకుందని. తెలుగు తెలిసినవాణ్ణి పంపి మరీ అడిగించాం కదా అని ఆయన బాధపడ్డాడట. అలా నా తప్పు ఆమె తెలివితక్కువతనం అయిపోయింది. నేను విని ఊరుకున్నాను.

మా పెద్దలు ఒకటి నేర్పారు. దేవుడి పట్ల చేసిన తప్పుకు ఆ రోజు ఉపవాసం పనిచేస్తుంది. మనిషి పట్ల చేసినదానికి ఆ మనిషి దగ్గరికి వెళ్ళాల్సిందే. వెళ్ళి అడిగేదాకా అది అలాగే ఉంటుంది. అందుకే ఉపవాసానికి ముందు రోజుల్లో మా పేటలో ఇంటింటికీ వెళ్ళి, ఏడాదిలో ఏమైనా అని ఉంటే మనసులో పెట్టుకోవద్దని అడుగుతారు. దూరంగా ఉన్నవాళ్ళం కాబట్టి మేము దాన్ని వాట్సాప్‌లోకి తెచ్చుకున్నాం. తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే మన్నించండి అని రాసి, పూల బొమ్మ పెట్టి, ఒక్క నొక్కుతో రెండు వందల మందికి. ఏటా పంపాను. వెంటనే జవాబులొచ్చేవి, చేతులు జోడించిన బొమ్మలతో. నేనేం చేయనివాళ్ళంతా నన్ను క్షమించేశారు. నేను తప్పు చేసిన మనిషి నంబరు ఆ జాబితాలో లేదు.

ఈ ఏడాది ఉపవాసానికి పది రోజుల ముందు, మా పేటవాళ్ళు వీడియో కాల్‌లో నన్ను యోనా గురించి మాట్లాడమన్నారు. ఈ కాలంలో మన బతుకులకు అది ఎలా వర్తిస్తుందో చెప్పమన్నారు. చెప్పాను. ఎవరి బాధ్యత నుంచి వాళ్ళు పారిపోవడం గురించి, పారిపోయినవాణ్ణి చేప మింగితే దాని కడుపులో గడిపిన మూడు రోజుల గురించి, బాగానే చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. చివర్లో మా పిన్ని, రైతుబజారులో కూరలమ్మే మనిషి, ఫోను మొహానికి ఆనించుకుని అడిగింది.

"అంతా యోనా గురించే చెప్పావు గానీ ఒరే అబ్బాయ్, ఆయన చెప్పకుండా ఎగ్గొట్టినన్నాళ్ళూ ఆ ఊరోళ్ళ గతేంటంట? వాళ్ళ సంగతి ఎవరికీ పట్టదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాల్ పెట్టేశాక ఆ ప్రశ్నే మళ్ళీ మళ్ళీ నన్ను నేను అడుక్కున్నాను. నా పాపం గురించి, నా భారం గురించి పదకొండేళ్ళు ఆలోచించాను. ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందో ఒక్కసారైనా కనుక్కున్నానా?

మర్నాడు అబూ ఫహద్ దగ్గరికి వెళ్ళాను. భార్య పోయింది. ఆయనకూ చూపు తగ్గింది. కాఫీ పోయించాడు. నేను తాగలేదు. ఆ రోజు వంటింటి గుమ్మంలో రెడ్డెమ్మ చెప్పిందంతా, ఆమె చెప్పిన వరుసలోనే, అరబీలో చెప్పాను. పెద్దావిడ ఆమె మీద పడటం, ఉబ్బిన మణికట్టు, పోలీసుల భయం, ఆస్పత్రికి తీసుకెళ్ళమని అడగటం. పదకొండేళ్ళ ఆలస్యంగా నా పని పూర్తి చేశాను.

ఆయన తన కప్పు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నేను ముఖం తిప్పుకున్నాను. నా బదులు నువ్వు చూస్తావని."

తిట్టి ఉంటే బాగుండేది. నేను లేచి గుమ్మం దాటబోతుంటే పిలిచి, ఆమెకు నా సలాం చెప్పు, ఈసారి చెప్పు అన్నాడు.

ఖాదర్ భాయ్‌కి కూడా జరిగింది చెప్పాను. జోకేమీ వేయలేదు. ఆమె నంబరు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రెండు రోజుల్లో తెచ్చి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. అటు నుంచి వినపడుతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

"గుర్తుండావులే అన్నా," అంది. "నువ్వు ఆ ముసలాయప్పకు చెప్పలేదని నాకు ఆ పొద్దే తెలుసు. నేను అంత పొడుగు చెప్తిని. నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తివి. అరబీ రాకపోతే మాత్రం ఆమాత్రం తెలీదా?"

చెయ్యి ఎలా ఉందని అడిగాను.

"ఎట్లుంటాది? సంగటి కెలకలేను. కోడలు కెలుకుతాది, నేను కూసోని చూస్తా. దానికోసమేనా ఫోను చేసింది?"

కాదన్నాను. క్షమాపణ చెప్పుకోవడానికి అన్నాను.

"అయితే చెప్పు. ఇంటా. ఈసారి గూడా తుంచి చెప్పాకు, అంతా చెప్పు."

చెప్పాను. "రెడ్డెమ్మా, నువ్వు నీ చెయ్యి చూపించావు. అది విరిగిందని నాకు చూడగానే అనిపించింది. ఆస్పత్రికి తీసుకెళ్ళమని చెప్పమన్నావు. ఆయన జబ్బుందా అని అడిగితే లేదన్నాను. అన్నానికి ఆలస్యమవుతుందని లేదన్నాను. నీకు చూస్తామన్నారని చెప్పాను, అదీ అబద్ధమే. నీ చెయ్యి వంకరపోయిందని తెలిశాక, నువ్వే చెప్పలేదని ఖాదర్ భాయ్‌తో అన్నాను, అదే ఊరంతా తిరిగింది. నీ తప్పేం లేదు. నువ్వు అంతా చెప్పావు, సరిగ్గానే చెప్పావు. చెప్పనిది నేను. ఈ మాట ఈ వారమే అబూ ఫహద్‌కు చెప్పాను. ఆయన నీకు సలాం చెప్పమన్నాడు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా ఇది నిజం."