వెళ్లి చదివి వినిపించావా?

నర్సమ్మగారు పోయారన్న కబురు నాకు ఆవిడ నంబరు నుంచే వచ్చింది. మా చరిత్ర సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పదకొండు మందిమి. అందులో రాసేది ఆవిడ ఒక్కరే: 'ఈ నెల రెండో ఆదివారం మూడు గంటలకి కలుద్దాం, వీలున్నవాళ్లు రండి.' ఫిబ్రవరిలో వచ్చిందీ అలాంటిదే అనుకుని తెరిచాను. 'మా పెద్దమ్మ ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. ఆవిడ చెల్లెలి కూతురు పెట్టిన మెసేజ్. కింద అప్పటికే ఐదు దండాల బొమ్మలు. మీటింగుకి రమ్మని పిలిస్తే నెలల తరబడి ఉలుకూ పలుకూ లేనివాళ్లు దండాలు మాత్రం నిమిషంలో పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో ఘాటుగా రాయబోయి, నాలుగు నెలలుగా నేనూ అందులో ఒక్క ముక్క రాయలేదని గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆవిడ ముప్పై ఏళ్లకి పైగా చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లలో తిరిగిన నర్సు. టీకాలు, పురుళ్లు, పిల్లల బరువులు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని టీవీ చూడకుండా చరిత్ర సంఘం పెట్టారు. ఆ మాట విన్నప్పుడు నేను నవ్వాను. నేను పత్రికల్లో వ్యాసాలు రాసేవాణ్ని, నలుగురితో తగువు పెట్టుకుని బతికేవాణ్ని. చరిత్ర గురించి నాకు తెలిసినంత ఈవిడకేం తెలుసనుకున్నాను.

"శాసనాలు చదవగలరా అండీ మీరు?" అని అడిగాను.

"చదవలేను. ఈ ఊళ్లలో సగం మంది ఏ మంచం మీద పుట్టారో తెలుసు. వాళ్లు పుట్టకముందు ఇక్కడేం జరిగిందో తెలుసుకుందామని" అన్నారు.

అలా చేరాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచుకోవడం దేనికి? మన జిల్లాల్లో చరిత్ర అంటే ఏమిటి? ప్రతి కులానికీ ఒక దళసరి అట్ట పుస్తకం. అందులో అందరూ రాజులే, అందరూ దాతలే. మరి ఆ కోటల రాళ్లు మోసిందెవరు? ఈ నల్లరేగడిలో పత్తి తీసిందెవరు? మిరపకాయల తొడిమలు తీసి వేళ్లు మండి, కడుపులో బిడ్డకి పాలిచ్చే ముందు చేతులు నూనెలో ముంచుకున్న తల్లులు ఏ పుస్తకంలో ఉన్నారు? ఇవన్నీ మొదటి మీటింగులోనే గొంతు చించుకుని అడిగాను. నర్సమ్మగారు మొత్తం విని, "కడుపులో బిడ్డకి పాలెలా ఇస్తారబ్బాయ్? చంకలో బిడ్డ అను" అన్నారు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ గది ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఉండేది. కింద మిషన్ల మీద గుడ్డలు కప్పేసి చాలా ఏళ్లయింది. ఇన్‌స్టిట్యూట్ నడిపిన భాయ్ గారు తన పాత విద్యార్థుల మీద ప్రేమ కొద్దీ గదిని అలాగే ఉంచుకుని, మాకు ఊరికే ఇచ్చారు. నర్సమ్మగారు ఆదివారం ఆరాధన ముగించుకుని, భోంచేసి, ఎండలో గొడుగేసుకుని నడిచి వచ్చేవారు. ఫ్లాస్కులో చక్కెర లేని టీ. "చక్కెర కావాల్సినవాళ్లు ఇంటి దగ్గర తాగిరండి" అనేవారు.

ఆవిడ పని చేసే పద్ధతి ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం. ఎవరి దగ్గరికైనా వెళ్లి పాత సంగతి అడిగితే, ముందు వాళ్ల కింది కనురెప్ప లాగి రక్తముందో లేదో చూసేవారు. అలవాటు. తర్వాత విని రాసుకునేవారు. మర్నెల మళ్లీ అదే మనిషి దగ్గరికి వెళ్లి, రాసింది మొత్తం చదివి వినిపించేవారు. వాళ్లు "అది కాదమ్మా" అంటే కొట్టేసి తిరగరాసేవారు. "ఆఁ, అంతే" అన్నాకే రిజిస్టరులో ఎక్కించేవారు. ఎందుకింత చాదస్తం అని ఒకసారి విసుక్కున్నాను.

"మందు ఎలా వేసుకోవాలో చెప్పి వదిలేస్తే చచ్చిపోతారబ్బాయ్. తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకోవాలి. నేను సరిగ్గా చెప్పానని కాదు, వాళ్లకి ఏం వినపడిందీ అని. ఇక్కడ నేను విన్నవైపు ఉన్నాను, అంతే తేడా."

మా సంఘం సంవత్సరం జూన్‌లో, బడులు తెరిచినప్పుడు మొదలయ్యేది. కిందటి జూన్‌లో ఏడుగురం వచ్చాం. జూలైలో కనిగిరి కోట చూడ్డానికి వ్యానులో ఐదుగురం వెళ్లాం. మిగతావాళ్లు కొండెక్కి ఫోటోలు దిగుతుంటే ఆవిడ మోకాళ్ల నొప్పితో కింద బండ మీద కూర్చుని, మేకలు కాసే ఒకావిడతో కబుర్లలో పడ్డారు. మేం దిగొచ్చేసరికి, ఆ కొండ మీద నీళ్లు ఏ నెలదాకా నిలుస్తాయో, ఏ కరువులో ఎవరు ఎటు వలసపోయారో నాలుగు పేజీలు నిండాయి. మా ఫోన్లలో మేమే ఉన్నాం. ఆగస్టులో ముగ్గురం. సెప్టెంబరులో వాడరేవు వెళ్లింది ఆవిడా నేనూ. తుపాను సంగతులు చెప్తానన్న పెద్దమనిషి ఆ రోజు చీరాల వెళ్లిపోయాడు. ఎండుచేపల వాసనలో, సెలవుకి వచ్చిన జనం కేరింతల మధ్య ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం.

"ఇద్దరితో సంఘం ఏంటండీ? మూసేద్దాం" అన్నాను.

"ఒక్కళ్లున్నా టీకాల క్యాంపు ఎత్తేసేదాన్ని కాదు. ఆ ఒక్కళ్లకీ వెయ్యాలిగా" అన్నారు.

ఆగస్టు సంగతికి వెనక్కి వెళ్లాలి. పేట శివారులో ఒక మామ్మ ఉంది. వయసులో ఉండగా పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో చేసింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు. తనతో పాటు చేసే ఒకామె కొంగు మిషను బెల్టులో పడి చనిపోతే, మర్నాడు ఆడవాళ్లెవరూ లోపలికి వెళ్లకుండా గేటు ముందు కూర్చున్నారట. మూడు రోజులు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. ఇదీ చరిత్రంటే! మామ్మ ఇంకా ఏదో చెప్తూనే ఉంది, నా బుర్రలో వ్యాసం మొదలైపోయింది. అక్టోబరుకి రాసి తెచ్చాను. 'బెల్టులకు రక్షణ కావాలని గర్జించిన స్త్రీలు' అని, 'మొదటి సమ్మె' అని, 'యాజమాన్యం గడగడలాడింది' అని. జనవరిలో సంఘం వేసే చిన్న పుస్తకంలో ముందు అదే ఉండాలన్నాను.

నర్సమ్మగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"బావుంది. వెళ్లి చదివి వినిపించావా?"

"ఎవరికండీ?"

"మామ్మకి."

"ఆవిడ చెప్పిందేగా!"

"ఆవిడ గర్జించామని చెప్పలేదు. నేనూ అక్కడే ఉన్నాను. రక్షణ అడిగామనీ చెప్పలేదు."

"అడగకుండా మూడు రోజులు ఊరికే కూర్చుంటారా? వాళ్లకి మాటలు లేవండీ. మనం ఇవ్వాలి!"

"కోపం నీది, సంగతి ఆమెది. రెండూ కలపకు. చదివి వినిపించు, ఆమె ఔనంటే వేద్దాం. లేకపోతే వెయ్యను."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయకుండా ఈ స్మృతి రాస్తే నా అంత దొంగ ఉండడు. "జీవితమంతా సర్కారు ఫారాలు నింపిన మనిషి మీరు. మీకు పోరాటం గురించి ఏం తెలుసు?" అన్నాను. ఎండనకా వాననకా ముప్పై ఏళ్లు ఊళ్లు నడిచిన మనిషితో! బండ్లు రాని డొంకల్లో మోకాళ్లు అరగదీసుకున్న మనిషితో! ఆవిడ నా గ్లాసులో టీ పోసి, "చల్లారిపోతుంది, తాగు" అన్నారు. నేను తాగలేదు. కాయితాల జిరాక్సు ఒకటి బల్ల మీదే వదిలేసి మెట్లు దిగి వచ్చేశాను. నవంబరు మెసేజ్ వచ్చింది, వెళ్లలేదు. డిసెంబరుదీ వచ్చింది. ఆవిడే ఫోన్ చేసి బతిమాలాలని ఎదురుచూశాను. యాభై దాటిన మగాణ్ని, సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ని, ఒక పెద్దావిడ నన్ను బతిమాలాలని ఎదురుచూశాను.

సమాధి కార్యక్రమానికి వెళ్లాను. అంతమంది జనం వస్తారని అనుకోలేదు. అందరూ ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లో, వాళ్లని కన్నవాళ్లో. నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. నేనెవరో ఎవరికీ తెలియదు. మూడో రోజు భాయ్ గారు కబురుపెడితే గదికి వెళ్లాను. రిజిస్టరు చేతికిచ్చారు.

"నవంబరు నుంచి మేడమ్ ఒక్కరే వచ్చేవారు సార్" అన్నారాయన. "మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేవారు. 'ఎవరూ రావట్లేదుగా, కింద నా దగ్గరే కూర్చోండమ్మా' అన్నాను. 'ఎవరైనా వస్తే పైన చూస్తారుగా భాయ్' అన్నారు. ఐదింటి దాకా కూర్చుని తాళం వేసుకుని వెళ్లిపోయేవారు."

రిజిస్టరు తెరిచాను. నవంబరు: 'హాజరైనది నేను.' డిసెంబరు: 'హాజరైనది నేను. మిల్లు మామ్మ దగ్గరికి వెళ్లాను.' జనవరి: 'హాజరైనది నేను. పుస్తకం ఆగింది. ఒక సంగతి సరిచూడవలసి ఉంది.' గుండ్రటి అక్షరాలు, మందుల చీటీ మీద అందరికీ అర్థమయ్యేలా రాసినట్టు. ఎవరు సరిచూడాలో రాయలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలాంటివాడైతే రెండు పేజీలు తిట్టి పెట్టేవాడు.

భాయ్ గారు కింద ఏదో సర్దుకుంటున్నారు. ఆ గదిలో ఒక్కణ్నీ ఐదింటి దాకా కూర్చున్నాను. రోడ్డు మీద లారీల హారన్లు తప్ప ఏమీ లేదు. ఆ రెండు గంటలు ఎంత పొడుగో కూర్చున్నాకే తెలిసింది. ఆవిడ అలాంటివి మూడు ఆదివారాలు కూర్చున్నారు.

మర్నాడు నా వ్యాసం తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో పట్టా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కూలికి వెళ్లిన చోట రాలినవి ఏరి తెచ్చుకున్నవట. ఘాటుకి తుమ్ములొచ్చాయి.

"వచ్చావా?" అంది మామ్మ. "రాసినాయన వస్తాడు, ఆయనకే చెప్పు అంది నర్సమ్మ. డిసెంబర్లో వచ్చి నీ కాయితాలు మొత్తం చదివింది. ఇదేంటమ్మా ఇట్టా రాశాడు, కొట్టెయ్యి అన్నాను. నేను కొట్టకూడదు, అది ఆయన చెయ్యాలి అంది. ఏదీ, నర్సమ్మ రాలేదే?"

చెప్పాను. మామ్మ పట్టా మీద కాయల్ని ఒక్కొక్కటే తిరగేసింది. తర్వాత "చదువు" అంది.

చదివాను. నా గర్జనలు నా నోటితో ఆ వాకిట్లో వినపడుతుంటే సిగ్గుగా ఉంది.

"మేమేం అరవలేదయ్యా" అంది. "ఆ చచ్చిపోయినదాని సద్ది గిన్నె లోపలుండిపోయింది. మజ్జిగన్నం. పొద్దున దాని పిల్లకి కాస్త పెట్టి, మిగతాది తెచ్చుకుంది. ఆ గిన్నె బయటికి ఇయ్యమన్నాం. అది ముట్టడానికి మగాళ్లకి భయం, ఇస్తే ఏం అడుగుతామోనని మేస్త్రీకి భయం. గిన్నె వచ్చేదాకా లోపలికి పోమన్నాం. అంతే. మూడో రోజు ఇచ్చారు. దాని పిల్లకిచ్చి, పనిలోకి పోయాం. పోకపోతే తినేదేంది? ఇది నేను ఆ రోజే చెప్పాను. నువ్వు రాసుకోవట్లేదని చూశాను కూడా."

చెప్పింది. నేను వినలేదు. గిన్నె నాకు చిన్న విషయం. నా సమ్మెకి అది సరిపోలేదు. ఇప్పుడు అక్కడే కూర్చుని కొట్టేసి, మామ్మ మాటల్లోనే రాసి, చదివి వినిపించాను. ఒకచోట ఆపింది. సరిచేశాను. మళ్లీ చదివాను. 'అందరం గుంపుగా కూర్చున్నాం' అన్న దగ్గర మళ్లీ ఆపింది.

"గుంపుగా కాదు, వరసలో. లోపల ఎట్టా కూర్చుని పత్తి ఏరేవాళ్లమో అట్టాగే." నాకు అర్థం కాలేదని మోకాళ్ల మీద చేతులేసుకుని లేచింది. మిరపకాయలు పక్కకి నెట్టి, నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. "నేనిక్కడ. నువ్వు ఇట్రా, నా పక్కన కాదు, ఇంకాస్త అవతలికి. ఆఁ, అక్కడ."

కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. మామ్మ ఆ నేలని అరచేత్తో తుడిచి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఇది దానిది. మూడు రోజులూ ఎవరం జరగలేదు" అంది.