కర్రకు ముందు జరిగింది

సక్కుబాయిది నార్సింగి. గచ్చిబౌలిలో ఒక ఐటీ ఆఫీసు నాలుగో అంతస్తును తొమ్మిదేళ్లుగా తుడుస్తోంది. ఒక్కనాడూ మాట పడింది లేదు. అట్లాంటి మనిషి ముందు సూపర్‌వైజర్ నరేందర్ ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నాడు. చేసిందా, సాయంత్రానికి మెడలోని కార్డు తీసుకుని గేటు బయటికి పంపేస్తారు.

ఆమెకు చదువు రాదు. చదివి వినిపించమంది. పది ఇరవైకి సక్కుబాయి ఉద్యోగి ఓంకార్ మీదికి మాప్ కర్ర ఎత్తింది అని మొదలైంది ఆ రాత.

ఆమె ఒళ్లు మండిపోయింది. మీ ఆఫీసులో పది ఇరవైకే తెల్లారుతుందా అని అడిగింది. పది గంటలకు తడినేల మీద జారతారని చెప్పే పసుప్పచ్చ బోర్డు నిలబెట్టింది ఎవరు? ఫోను చెవికి అంటించుకుని బోర్డును కాలితో పక్కకు తన్నింది ఎవరు? ఆ బోర్డు లేకనే కదా, టీ కప్పులతో వస్తున్న సువార్తమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పడిన మనిషిని చూసి కూడా ఆగని ఆ ఓంకార్ మహానుభావుడికి సక్కుబాయి కర్ర అడ్డం పెట్టింది. దాన్ని పట్టుకుని మీదికి ఎత్తిందంటారా?

నరేందర్ విసుక్కుంటూ ఇంకో కాగితం తీశాడు. ఈసారి బోర్డూ, తన్నడమూ, విరిగిన చెయ్యీ అన్నీ రాశాడు. కానీ కర్రను మొదట్లోనే ఉంచి, మిగతావన్నీ కిందికి తోశాడు.

"అన్నీ వచ్చినయ్ గదమ్మా. ఇంకేంది?"

"వచ్చినయ్, తలకాయ ఎనక, తోక ముందల. నా ముచ్చట ఆఖర్ల వెడితే, దొరికినంక సాకులు జెప్తున్నది అంటరు. ఎట్ల జరిగిందో అట్ల రాయి."

అట్లా రాస్తే ఓంకార్ సారును కూడా పిలిచి అడుగుతారని అతను గొణిగాడు.

"పిలవనియ్యి. సువార్తమ్మ దవాఖానల పడున్నది. ఆమెను ఎవలన్న అడిగిన్రా?"

నరేందర్ ఆ కాగితాన్నే మళ్లీ ఆమె ముందుకు జరిపాడు. సంతకం లేని కాగితాన్ని పైవాళ్లు తీసుకోరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సక్కుబాయి కుర్చీ లాక్కుని, తొమ్మిదేళ్లలో మొదటిసారి అతని ఎదుట కూర్చుంది. లేవమన్నా లేవలేదు.

మూడో కాగితం పది గంటల నుంచి మొదలైంది. రెండుసార్లు చదివించుకుంది. రేపు ఓంకార్‌నూ ఆమెనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడుగుతారట. అప్పటిదాకా కార్డు ఆమె మెడలోనే ఉంటుంది.

తన పేరు మట్టుకు రాయను నేర్చుకున్న నాలుగక్షరాలతో సంతకం పెట్టింది. ఆఖరి మాటకు ఆనించి మరీ పెట్టింది, మధ్యలో ఇంకేదీ దూర్చే సందు లేకుండా.